వచ్చు నీరు – పోవు దారి
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఒక నది నీటిని మరియొక నదికి మళ్ళించుట మనకు క్రొత్త గాదు. తుంగభద్ర నీరు సుంకేసుల నుండి కర్నూలు–కడప కాలువ ద్వారా పెన్నా ప్రాంతమునకు పందొమ్మిదవ శతాబ్దమునుండియే పారుచున్నది. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల పథకము గోదావరి నీటిని 24 పంపులతో 8,500 క్యూసెక్కుల వరకు ఎత్తి, పోలవరము కుడికాలువ గుండ ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలుపుటకు ఏర్పడినది. దీనివలన కృష్ణా డెల్టాలో నాట్లు సకాలమున పడి, కార్తికపు తుపానులకు ముందే కోతలు ముగియుటకు వీలు కలిగినది. ఈ మేలును తక్కువ చేయుటకు నేను రాలేదు.

అయితే “సముద్రములో వృథాగా కలియుచున్న నీరు” అను మాట మన సభలలో తరచుగా వినబడును. ఈ మాటతో నాకు పేచీ కలదు. వరదకాలమున సముద్రమునకు చేరు నీటితో ఒండ్రు పోవును. మన డెల్టా భూములన్నియు ఆ ఒండ్రు వేసినవే. మంచినీటి ఒత్తిడి తగ్గినచో ఉప్పునీరు నదీపాయలలో పైకి వచ్చును. తీరగ్రామముల బావులు ఉప్పనగును. కోరంగి మడ అడవులు రెండు నీళ్ళును కలియు చోటనే పెరుగును. చేపపిల్లలు, రొయ్యపిల్లలు వాని వేళ్ళ నడుమ ఎదుగును. పులస సంగతి గోదావరివారికి నేను చెప్పవలెనా? ఎర్రనీరు దిగినప్పుడే అది సముద్రము విడిచి నదిలో ఎదురీదును.

పట్టిసీమ ఒక్కదానివలననే ఇవి చెడునని నేననుట లేదు. పెద్ద వరద ముందు ఆ పంపులు తోడునది స్వల్పము. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుట అంతకంటె పెద్ద కారణము. కాని పథకముపై పథకము వచ్చునపుడు ప్రతిదానిని విడిగా లెక్కించిన, అన్నియు స్వల్పముగనే కనబడును.

ఇక నీరు చేరు వైపు చూతము. ఆ కుడికాలువ తమ్మిలేరు, రామిలేరు, బుడమేరులకు అడ్డముగా సాగును. చివర బుడమేరు మళ్ళింపు కాలువలో కలిసి కృష్ణకు చేరును. 2024 సెప్టెంబరులో కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారుచుండగా బుడమేరు నీరు అందులోనికి పోలేకపోయినది. మళ్ళింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని పేటలు మునిగినవి. ఆ విపత్తును పొరుగునది నీటిపై మోపుట న్యాయము గాదు. ఇంటి వరదకును అతిథి జలమునకును ఒకే దారి యున్నచోట ఎంత జాగ్రత్త వలయునో మాత్రము దానివలన తెలియును.

కాలువ ప్రక్క గ్రామములవారు చూడవలసినవి వేరు. కట్టకు ఎగువన వాననీరు నిలుచుచున్నదా? కట్ట క్రింది తూములు పూడినవా? చేలలో ఊట పుట్టి చౌడు తేలుచున్నదా? మంచినీటి చెరువులలో గుర్రపుడెక్క చేరినదా? ప్రతి వైశాఖమునను, మరల కాలువ కట్టిన పిమ్మటను ఊరిలో ఒక పది బావుల నీటిమట్టము కొలిచి, నీటి రుచి ఉప్పనో మంచిదో పంచాయతీ పుస్తకములో వ్రాసి యుంచుడు. ఖర్చు ఒక త్రాడు మాత్రమే.

2006 నాటి కేంద్ర పర్యావరణ ప్రకటన ననుసరించి, పెద్ద ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినముల ముందు పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సారాంశము తెలుగులో నుండవలెను. ఆ ముప్పది దినములలో గ్రామసభ జరిపి, బావుల పుస్తకమును వెంట తీసికొనిపోయి, మీ ఊరి మురుగు ఏ దారిన పోవునో అధికారులచే వ్రాతమూలకముగా చెప్పించుకొనుడు.