కృష్ణబిలం చుట్టూ వంగిన దారులు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణబిలం అనగానే అన్నిటినీ మింగేసే భూతమని చాలామంది అనుకుంటారు. పిల్లలు అడిగితే 'అవన్నీ మనకెందుకు' అని తోసిపుచ్చుతాం. అది మనకు అందని విషయమేమీ కాదని మనవి చేయదలచాము.

ముందు ఖిబ్లా సంగతి చూడండి. గోడమీది పటంలో న్యూయార్కుకు మక్కా ఆగ్నేయాన కనిపిస్తుంది. అయినా అక్కడ ఎక్కువమంది ఈశాన్యం వైపు తిరిగి నమాజు చేస్తారు. ఎందుకంటే గుండ్రని భూమిమీద దగ్గరి దారి అటునుంచే మొదలవుతుంది. దారి వంకర కాదు, నేలే గుండ్రం. 11వ శతాబ్దంలో అల్ బిరూనీగారు ఈ గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే గజనీ పట్టణానికి ఖిబ్లా దిశ తేల్చారు.

ఐన్‌స్టీన్ 1915లో చెప్పింది కూడా ఇటువంటిదే. బరువైన వస్తువు తన చుట్టూ ఉన్న స్థలాన్నీ, కాలాన్నీ వంచుతుంది. వెలుగు తన మటుకు తాను తిన్నగానే పోతుంది, తోవే వంగి ఉంటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ యుద్ధంలో సైన్యంలో పనిచేస్తూనే ఈ వంపుకు కచ్చితమైన లెక్క కట్టి 1916లో ప్రకటించారు. దాని ప్రకారం సూర్యుడంతటి బరువును సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధంలోకి కుదిస్తే కృష్ణబిలమవుతుంది. ఆ హద్దు దాటాక దారులన్నీ లోపలికే, వెలుగైనా బయటికి రాలేదు. హద్దుకు ఒకటిన్నర రెట్ల దూరాన వెలుగు గుండ్రంగా చుట్టి రాగలదు. అంతమాత్రాన దూరాన ఉన్నవాటిని అది గుంజుకుంటుందని భయపడనక్కర్లేదు. సూర్యుడి చోట అంతే బరువున్న కృష్ణబిలం ఉన్నా భూమి ఇప్పటి తోవలోనే తిరుగుతుంది. వెలుగు లేక చలికి గడ్డకడుతుంది, అంతే.

2019 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఎం 87 గెలాక్సీలో ఉన్న కృష్ణబిలం చిత్రాన్ని విడుదల చేశారు. దాని బరువు సూర్యుడికి సుమారు 650 కోట్ల రెట్లు. మధ్య నల్లని నీడ, చుట్టూ వెలుగు వలయం. వెలుగు వంగడం వల్ల ఆ నీడ అసలు హద్దుకన్నా సుమారు రెండున్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. 2022లో మన పాలపుంత మధ్యనున్న కృష్ణబిలం చిత్రం కూడా వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పదో తరగతి కాగానే 'సైన్సు కష్టం, ఆడపిల్లకెందుకు' అని చదువు మాన్పించకండి. ఫీజు ఇబ్బందైతే మొహమాటపడకుండా సంఘం పెద్దలతో చెప్పండి, కూర్చుని దారి వెతుకుదాం. ఖిబ్లా కోసం భూమినే లెక్కకట్టినవారిని తలచుకుని గర్వపడుతున్నాం. మన బిడ్డ చేతిలో లెక్కల పుస్తకం నిలిపితేనే ఆ గర్వానికి అర్థం.