పాత యంత్రము – కొత్త బాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పెద్ద పెద్ద బ్యాంకులలో లెక్కలు చూచే మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలు దూరపు శాఖలతో ఎట్లా మాట్లాడుకొంటాయో నాలుగు మాటలలో మనవి చేస్తాము. పండుగపూట ఈ గొడవేమిటని పచ్చడి గిన్నెవైపు చూడకండి. కట్టిన డబ్బు ముట్టినదీ లేనిదీ తేలేది అక్కడే.

1974లో ఐ.బి.ఎం. వారు ఎస్.ఎన్.ఏ. అనే పద్ధతిని ప్రకటించారు. అందులో పెద్ద యంత్రం తరఫున శాఖల యంత్రాలను వరుసగా పిలిచి, "ఉన్నావా? చెప్పవలసినది ఉన్నదా?" అని అడుగుతారు. అద్దెకు తీసుకొన్న సొంత తంతి గనుక జవాబు గడువులోపలే వస్తుంది. కొన్నిసార్లు పిలిచినా పలకకపోతే తంతి తెగినట్లే లెక్క. దానిపై నడిచే సంభాషణలన్నీ ముగిసిపోతాయి.

తరువాత ఐ.పి. దారులు వచ్చినవి. ఇవి అందరూ నడిచే బాటలు. ఒకటి మూసుకొంటే మరొకటి దొరుకుతుంది గాని, వెతుక్కొనే ఆ కొద్ది సెకనులు పాత పద్ధతి ఓర్వదు. ఏళ్ళ తరబడి సరిచూచుకొన్న ప్రోగ్రాములను తిరిగి వ్రాయించడానికి బ్యాంకులవారు జంకారు. కనుక పాత వర్తమానాన్ని కొత్త కవరులో పెట్టి పంపారు. మన ఇండ్లలో లోపల తెలుగు, గడప దాటితే ఊరి భాష ఉన్నట్లే!

మొదటి ఉపాయాలలో ఒకటి డేటా లింక్ స్విచింగ్. 1993లో వెలువడి, 1995లో సవరింపబడినది. శాఖ దగ్గరి రౌటరే "అందినది" అని వెంటనే జవాబు చెప్పి, వర్తమానాన్ని టి.సి.పి. మీద అవతలికి చేరవేస్తుంది. గడువు చిక్కు తీరినది. కాని ఆ "అందినది" అన్న మాట ఎవరిది? మా రైల్వే పార్సిలు ఆఫీసులో రసీదు ఇచ్చినంతమాత్రాన సరుకు అవతలి స్టేషనులో దిగినట్లా? రసీదిచ్చిన రౌటరు ఆ క్షణాననే ఆగిపోతే, దాని కడుపులోని వర్తమానం పోతుంది. అందుకని డబ్బు వ్యవహారాలలో అవతలి కొసనుండి "డెఫినిట్ రెస్పాన్స్" అనే ఖాయపు జవాబు అడిగి తీసుకోవాలి. ఆ ఏర్పాటు ఎస్.ఎన్.ఏ.లోనే ఉన్నది. అది ఆలస్యానికి కారణమని మానిపించేవారితో మేము ఏకీభవించము.

1998లో ప్రకటితమైన ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ మాకు మేలుగా తోచినది. నడిమి రౌటర్లు కవరు మోయడమే గాని రసీదులివ్వవు. పోయినదానిని రెండు కొసలే కనిపెట్టి మరల పంపుకొంటాయి. దారి మారినా సంభాషణ తెగదు. దీనికి యు.డి.పి.లో 12000 నుండి 12004 వరకు ఐదు ద్వారాలు. మొదటిది పరిచయాలకు, తక్కినవి తొందరనుబట్టి నాలుగు తరగతుల వర్తమానాలకు. మెయిలుబండికి గూడ్సు అడ్డం రాకుండా అన్నమాట. కాపలా ఉండే ఫైర్‌వాల్‌లో ఐదింటినీ తెరవాలి. 12000 ఒక్కటే తెరిస్తే కుశలప్రశ్నలు జరుగుతాయి గాని సరుకు కదలదు.