మోసముతో పొందిన సమ్మతి



మనుష్యులను సరకువలె అమ్ముకొను వ్యాపారము లోకమున ఇంకను సాగుచునే యున్నది. ఉద్యోగమనియు, పెండ్లియనియు, చదువనియు చెప్పి, నమ్మినవారిని తరలించుట దాని నేటి పద్ధతి.

ఈ నేరము దేశముల ఎల్లలు దాటునది గనుక దేశములన్నియు కలిసి దాని నెదుర్కొనవలసి వచ్చెను. 1904లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడిక, వ్యభిచారమునకై స్త్రీలను పరదేశములకు తరలించుటను మాత్రమే అరికట్టబూనెను. 1921లో నానాజాతి సమితి బాలురకు గూడ ఆ రక్షణ కల్పించెను. 1949లో ఐక్యరాజ్య సమితి మరియొక ఒడంబడికను ఆమోదించెను. 2000లో ఆమోదము పొంది, 2003లో అమలులోనికి వచ్చిన పలెర్మో ప్రోటోకోలు వెట్టిచాకిరిని, అవయవముల అపహరణమును గూడ ఈ నేరములో చేర్చెను. భారతదేశము దానిని 2011లో ధ్రువీకరించినది.

ఈ ప్రోటోకోలులో ముఖ్యమైన సూత్రమొకటి కలదు. బెదిరించిగాని, మోసగించిగాని, నిస్సహాయతను ఆసరాగా గొనిగాని పొందిన సమ్మతికి విలువ లేదు. 18 ఏండ్లు నిండనివారి విషయమున మోసమును నిరూపింపవలసిన పని కూడ లేదు.

“ఇష్టపడియే పోయినాడు గదా” యను మాట మన ఇండ్లలో తరచుగా వినిపించును. ఆ మాటతో నిజమైన నేరస్థుడు తప్పించుకొనుచున్నాడు. 2024లో కంబోడియా నుండి విశాఖపట్నమునకు తిరిగివచ్చిన యువకుల ఉదంతమును చూడుడు. కంప్యూటరు ఉద్యోగమని నమ్మి పోయినవారిని నిర్బంధించి, వారిచేతనే ఫోనులలో, అంతర్జాలములో ఇతరులను వంచించు పని చేయించిరి. చూపులకు వంచకులైనవారే ముందుగా వంచితులైరి.

మన రాజ్యాంగములోని 23వ అధికరణము మనుష్య విక్రయమును, వెట్టిని నిషేధించినది. 1956లోను, 1976లోను వచ్చిన చట్టములు ఆ మార్గముననే వెలసినవి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను, ఈ నేరమును నిర్ణయించుటలో బాధితుని సమ్మతిని లెక్కింపరాదని స్పష్టముగా చెప్పుచున్నది. 1996లో హైదరాబాదున వెలసిన ప్రజ్వల సంస్థ, విడిపింపబడిన స్త్రీలకు ఆశ్రయమును, వృత్తిశిక్షణను కల్పించుచున్నది.

చట్టము చేయలేని పని కుటుంబము చేయవలెను. విదేశమునకు పంపెదనను దళారికి ప్రభుత్వ అనుమతి కలదా యని విచారింపుడు. యాత్రికుల వీసాపై ఉద్యోగమన్నచో అనుమానింపుడు. తిరిగివచ్చిన బిడ్డను “ఎందుకు పోయితివి?” అని నిందింపక, “నిన్ను పంపినదెవరు?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబే మరియొక బిడ్డను కాపాడగలదు.