పక్షవాతం: మొదటి నాలుగున్నర గంటలు, అంతకు ముందు ఇరవై ఏళ్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమని కమిటీ వాళ్లు అన్నారు. షుగరు, గుండె, కిడ్నీ, మోకాళ్లు అన్నీ కలిపి చెప్పమన్నారు. ఇచ్చింది ఇరవై నిమిషాలు. అన్నీ చెబితే ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క పక్షవాతం గురించే చెబుతాను. తెనాలి, రేపల్లె, బాపట్ల, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరే. తెల్లవారుజామున ఒకరికి చెయ్యి పడిపోతే ఏం చెయ్యాలో రెండోవారికి తెలిసి ఉండాలి. అంబులెన్సు వచ్చేలోపు ఇంటర్నెట్‌లో వెతికి నేర్చుకునే విషయం కాదిది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతే ఒక రకం, చిట్లితే ఇంకో రకం. ఎక్కువమందికి వచ్చేది మొదటిది. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి. సీటీ స్కాన్ తియ్యకుండా ఇది ఫలానా రకం అని ఎంత పెద్ద డాక్టరైనా ఖాయంగా చెప్పలేడు. ఈ మాట ఒక్కటి పట్టుకోండి, మిగతా జాగ్రత్తలన్నీ దీన్నుంచే వస్తాయి.

నాళం పూడుకుపోయినవాళ్లకు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికాలో తేలింది. నాలుగున్నర గంటల వరకూ పనికొస్తుందని 2008లో యూరప్ పరిశోధన చెప్పింది. అదే ఇంజెక్షన్ నాళం చిట్లినవాడికి ఇస్తే ప్రాణం తీస్తుంది. అందుకే ముందు స్కాన్. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతీ ఉంది, కొందరికి 24 గంటల దాకా. కాబట్టి టైము దాటిపోయిందని ఇంట్లో కూర్చోవద్దు. అలాగని తాపీగానూ వెళ్లొద్దు. పెద్ద నాళం పూడుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూద్దాం. రేపల్లె అవతల పల్లెలోనో, నిజాంపట్నంలోనో, బాపట్ల దగ్గర సూర్యలంక వైపో ఉన్న మనిషికి గుంటూరు చేరడానికే గంటా గంటన్నర కావాలి. అక్కడ స్కాన్‌కి, రిపోర్టుకి ఇంకో గంట. అంటే ఇంటి దగ్గర పారబోసుకోవడానికి మనకు మిగిలే టైము బహు తక్కువ. కానీ పారబోసేది ఎక్కువగా ఇంటి దగ్గరే. "తెల్లారనివ్వండి, చూద్దాం" అంటారు. వీధిలోని ఆర్ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కిస్తాడు, బీపీ ఎక్కువుందని నాలుక కింద బిళ్ల పెడతాడు. పూడుకుపోయిన నాళం వెనక మెదడుకు కాస్తో కూస్తో రక్తం అందుతున్నది ఆ బీపీ వల్లే. దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఉన్నదీ పోతుంది. ఇక పావురం రక్తం రాసే చోటికి కారు కట్టించుకుని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్నవాళ్లూ వెళుతున్నారు, అందుకే ఈ సభలో చెబుతున్నాను. మొదటి నెలల్లో కొంత కోలుకోవడం ఎవరికైనా జరుగుతుంది. ఆ పేరు పావురానికి పోతోంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందేమో చూడండి. రెండు చేతులూ చాచమనండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. ఒక వాక్యం చెప్పమనండి, మాట ముద్దగా వస్తుందా, అసలు రావడం లేదా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. పది నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోయినా వెళ్లాల్సిందే. అది రాబోయేదానికి ముందు హెచ్చరిక, మొదటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. బండి వచ్చేదాకా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మంచినీళ్లు, కాఫీ, సోడా ఏమీ పొయ్యొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండెపోటుకు ఇస్తారు కదా అని ఆస్పిరిన్ వెయ్యొద్దు, చిట్లిన రకమో కాదో మనకు తెలియదు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో కాగితం మీద రాయండి. రాత్రి పదికి బాగానే పడుకుని ఐదింటికి చెయ్యి పడిపోయి లేస్తే, డాక్టర్లు లెక్క మొదలుపెట్టేది పది నుంచే. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, రక్తం పల్చబడే మందు వాడేవాళ్లయితే మరీ ముఖ్యం. ఇంకొక పని రేపే చెయ్యండి. మీకు దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్, ఈ ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కుని నంబరు గోడ మీద రాసి పెట్టండి.

ఇక ముందటి ఇరవై ఏళ్ల సంగతి. పొగ, చుట్ట, మందు, షుగరు, గుండె దడ, వీటి పాలు వీటికుంది. అన్నిటికీ పెద్దన్న బీపీ. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇల్లిల్లూ తిరిగి రాశారు. దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అది పట్నం జబ్బు అనుకునే రోజులవి. డెల్టా పల్లెల తిండీ తీరూ మనవే, మన దగ్గర వేరుగా ఉంటుందనుకోవడానికి కారణం కనపడదు.

ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం పట్టి లెక్క చూస్తే తొమ్మిది గ్రాముల పైనే తేలింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, చల్ల మిరపకాయలు, అప్పడం, ఉప్పుచేప, ఆపైన మజ్జిగన్నంలో మళ్లీ ఉప్పు. ఆవకాయ మానమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. మజ్జిగలో ఉప్పు మానండి, పచ్చడి ఒక పూటకే పెట్టుకోండి. సోడియం తగ్గించిన ఉప్పు వాడిస్తే పక్షవాతాలు వందకు 14 తగ్గాయని 2021లో చైనా పల్లెల్లో చూపించారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగందే అది వాడకూడదు.

నాకు రోజూ వినపడే మాట ఒకటుంది. "బీపీ నార్మల్‌కొచ్చిందండీ, బిళ్ల ఆపేశాను." దుగ్గిరాల లాకుల దగ్గర తలుపు దించితే నీళ్లు ఆగుతాయి. ఆగాయి కదా అని తలుపు ఎత్తేస్తే ఏమవుతుంది? బీపీకి తలనొప్పి, కళ్లు తిరగడం ఉండి తీరాలని లేదు, చాలామందికి ఏమీ ఉండదు. జనరిక్ బిళ్లలకు నెలకు వంద రూపాయలు కూడా కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పై బీపీ పది పాయింట్లు తగ్గితే పక్షవాతం భయం సుమారు నాలుగో వంతు తగ్గుతుంది.

వచ్చినవాళ్లను ఇంట్లో చూసుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ భారం పడేది మనమీదే. మింగడం సరిగా ఉందని ఆసుపత్రిలో చూసి చెప్పాకే నోటి ద్వారా పెట్టాలి. కూర్చోబెట్టి పెట్టాలి, పడుకోబెట్టి కాదు. కదల్లేనివాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగొద్దు, భుజం జారిపోతుంది. ఫిజియోథెరపీ తొందరగా మొదలుపెట్టాలి. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగం తర్వాత రాదు, అయినా ఆపకూడదు.

మాట పోయినవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు తెలియక చాలా బాధ పెడతారు. మాట పోతే బుద్ధి పోయినట్టు కాదు. చాలామందికి మనం చెప్పేది ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది. వాళ్ల ఎదుటే "ఇంకెన్నాళ్లో" అని మాట్లాడుకుంటాం. మాట రానివాళ్లలో కొందరు పాట పాడగలరు. తెనాలి నాటకాల ఊరు కదా, "నీళ్లు" అనలేని మనిషి పద్యం ఎత్తుకుని రాగంతో సహా పూర్తి చెయ్యడం నేను విన్నాను. పాట వచ్చే దారి వేరు. దాన్ని ఆసరా చేసుకుని మాట నేర్పే పద్ధతులూ ఉన్నాయి. ముగ్గురిలో ఒకరికి దిగులు జబ్బు పట్టుకుంటుంది, దానికీ మందుంది. పక్కనుండి సేవ చేసే ఆవిడ నడుం ఎలా ఉందో, ఆవిడ బీపీ బిళ్ల వేసుకుంటోందో లేదో కూడా ఎవరో ఒకరు అడగాలి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ చోట్ల ఎవరూ అడగరు.

భోజనాల పందిరి పక్కన రెండు బీపీ మిషన్లు పెట్టించాం. కాఫీ తాగిన వెంటనే రావద్దు, అరగంట ఆగండి. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు నేల మీద పెట్టి కూర్చోండి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, మాష్టార్లయినా సరే. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ దాటితే కంగారు పడకుండా చీటీ తీసుకుని వెళ్లండి. వారంలో ఇంకో రెండుసార్లు చూపించుకుని అప్పుడు డాక్టరు దగ్గరికి రండి.