కొత్త విండోస్ – ఉద్యోగి గోప్యత
(నయా రాయపూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం రాయపూర్ స్టేషన్‌లో మెము రైలు ఎక్కి, మందిర్ హసౌద్ మీదుగా ఇక్కడికి చేరుకున్నాను. 2025 మార్చి 30న మొదలైన రైలు ఇది. మన పెద్దలు విజయనగరం లైను మీద ఈ ప్రాంతానికి వచ్చిన 1930ల నాటికి ఈ నగరం లేదు, పొలాలున్నాయి. 2012లో సచివాలయం ఇక్కడికి తరలింది. 2018లో అటల్ నగర్ అని పేరు మార్చారు. మన నోట మాత్రం ఇంకా నయా రాయపూరే. 2025 మేలో ఇక్కడే కృత్రిమ మేధకు సంబంధించిన డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. డేటా సెంటర్ అంటే మరేమీ కాదు, మనుషుల వివరాలను, లెక్కలను నిలువచేసే గోదాము. గోదాములోకి సరుకు ఎక్కడినుంచి వస్తున్నది, ఎవరి అనుమతితో వస్తున్నది అని అడగటం రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసిన ప్రతివానికీ తెలిసిన విద్యే. ఆ ప్రశ్ననే నేడు మన బల్ల మీది కంప్యూటర్ విషయంలో అడగదలచాను.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత మద్దతు నిలిపివేసింది. అంటే యంత్రం ఆగిపోదు. కాని దానిలో బయటపడే లోపాలను సరిదిద్దే పని ఆగిపోతుంది. కాబట్టి విండోస్ 11కు మారవలెనని ఒత్తిడి వచ్చింది. 2018కి ముందటి ప్రాసెసర్లు చాలావరకు దానికి పనికిరావు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం కూడా ఉండాలి. మన సబ్ పోస్టాఫీసులలో, చిన్న స్టేషన్లలో ఉన్న యంత్రాల వయస్సు మీకు నాకంటె బాగా తెలుసు. కొనుగోళ్ళ సంగతి అధికారులు చూసుకుంటారు. నేను మాట్లాడేది వేరు: యంత్రం మారినప్పుడు దానితోబాటు మన మీద ఏమేమి మారుతున్నవో ఎవరు చెప్పాలి?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. మేము కంప్యూటర్‌కు వ్యతిరేకులం కాము. 1960లలో కలకత్తా జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటర్‌ను అడ్డుకొన్నప్పుడు వారి ముందున్నది ఉద్యోగాల ప్రశ్న. 1980ల నడుమ ఢిల్లీలో రిజర్వేషను కంప్యూటర్లు వచ్చినప్పుడు మనలో చాలామంది అనుమానపడ్డాం, తరువాత వాటి మీదనే పని నేర్చుకున్నాం. మద్దతు లేని పాత విండోస్ మీద పొదుపు ఖాతాలు నడపటం పగిలిన సీలుతో క్యాష్ బ్యాగు పంపటం వంటిది. ఆ బ్యాగులోని సొమ్ము పేదవారిది. కాబట్టి మారవలసిందే. ఏ షరతుల మీద మారుతున్నామన్నదే ప్రశ్న.

నేను ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటుగా చేరినవాణ్ణి. నడిచే రైలులో, ఊగే దీపం కింద, గళ్ళలో ఉత్తరాలు పేర్చటం నాకు నేర్పిన పెద్దాయన మొదటి రాత్రే ఒక మాట అన్నారు: "నాయనా, కార్డుకు రెండు వైపులుంటాయి. నీది చిరునామా వైపు మాత్రమే." పోస్టుకార్డు తెరచి ఉన్న ఉత్తరం. చదివితే ఎవరికీ తెలియదు. అయినా చదవము. ఇది చట్టం వల్ల మాత్రమే వచ్చిన అలవాటు కాదు గాని, చట్టం కూడా ఉండేది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం 53వ సెక్షను ప్రకారం, కర్తవ్యానికి విరుద్ధంగా ఉత్తరం తెరచిన తపాలా ఉద్యోగికి రెండేళ్ళ వరకు జైలు. 2023లో ఆ చట్టం స్థానంలో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చి, 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. దాని 9వ సెక్షను ప్రభుత్వానికి ఉత్తరాలను అడ్డగించి తెరచే అధికారాన్ని నిలబెట్టింది. తపాలా ఉద్యోగి అక్రమంగా తెరిస్తే శిక్ష ఏమిటన్నది మాత్రం ఆ చట్టంలో లేదు. 1986లో ఇటువంటి అధికారాన్నే విస్తరించే బిల్లును పార్లమెంటు ఆమోదించినప్పుడు నాటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకం పెట్టక ఆపివుంచారని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. చివరకు 2002లో ఆ బిల్లును ఉపసంహరించారు.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఇతరుల రహస్యాన్ని కాపాడటమే వృత్తిగా బ్రతికిన మనకు, మన రహస్యాన్ని అడిగే హక్కు అందరికంటె ముందు ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. పుట్టస్వామిగారు విశ్రాంత న్యాయమూర్తి. మనవలె పింఛను తీసుకున్నవారే.

ఇక యంత్రం సంగతి. విండోస్ తన పనితీరును గురించిన సమాచారాన్ని తయారీదారుకు పంపుతూ ఉంటుంది. దీనిని డయాగ్నస్టిక్ డేటా అంటారు. కొంత తప్పనిసరి, కొంత ఐచ్ఛికం. ఇంటి వాడకపు ప్రతులలోను, ప్రో అనే ప్రతిలోను తప్పనిసరి భాగాన్ని ఆపటం కుదరదు. ఎంటర్‌ప్రైజ్ అనే సంస్థాగత ప్రతిలో, నిర్వాహకుడు తలచుకుంటే, పూర్తిగా ఆపవచ్చు. గమనించండి: ఒకే విండోస్, కాని కొన్న ప్రతిని బట్టి గోప్యత మారుతుంది. కొనుగోలు కాగితం మీద ఒక్క మాట తేడా అయితే కౌంటర్‌లో కూర్చున్నవాని హక్కు తేడా అవుతుంది. ఆ కాగితం మనకు ఎన్నడైనా చూపించారా?

విండోస్ 10 వచ్చిన మరుసటి ఏడాదే, 2016 జూలైలో, ఫ్రాన్సు దేశపు వివరాల రక్షణ సంస్థ సి.ఎన్.ఐ.ఎల్. మితిమీరి సమాచారం సేకరిస్తున్నారని మైక్రోసాఫ్ట్‌కు అధికారికంగా నోటీసు ఇచ్చింది. సంస్థ సేకరణను తగ్గించింది. 2017లో ఆ నోటీసు ముగిసింది. అడిగితే తగ్గించగలిగినదాన్ని అడిగేదాకా తగ్గించలేదు.

రెండవది, ఖాతా. విండోస్ 11ను కొత్తగా స్థాపించేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించమని అడుగుతుంది. ఇంటి ప్రతిలో అది దాదాపు తప్పదు. కార్యాలయపు యంత్రానికి కార్యాలయమే ఖాతా ఇవ్వాలి. కాని జరిగేదేమిటి? ఒక చోట – ఊరి పేరు చెప్పను – కొత్త యంత్రం వచ్చిన రోజున సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సెలవులో ఉన్నాడు. కౌంటర్ తెరవాలి, బయట వరుస పెరుగుతున్నది. ఎస్.పి.ఎం.గారు తన సొంత ఈ-మెయిల్‌తో, తన సొంత ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.తో యంత్రాన్ని తెరచారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఫోను చూసుకుంటే, ఆఫీసు డెస్కుటాపు మీది ఫైళ్ళు ఆమె వన్‌డ్రైవ్‌లో కనిపించాయి. ఖాతాదారుల పేర్లున్న జాబితా కూడా అందులో ఉన్నది. ఆమె చేసిన నేరమేమిటి? సమయానికి కౌంటర్ తెరవటం. రేపు ఆ జాబితా బయటికి పొక్కితే మెమో ఎవరికి వస్తుంది? ఆ యంత్రాన్ని అట్లా పంపినవారికి రాదు.

మూడవది రీకాల్. దీని గురించి మన వాట్సాప్ బృందాలలో చాలా అతిశయోక్తులు తిరుగుతున్నవి కనుక ఉన్నది ఉన్నట్లు చెబుతాను. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ దీనిని ప్రకటించింది. కొద్ది సెకన్లకొకసారి తెర మీద ఉన్నదాన్ని బొమ్మగా తీసి దాచి, తరువాత వెదకటానికి వీలు కల్పించే ఏర్పాటు ఇది. ఆ బొమ్మల సమాచారం తగిన రక్షణ లేకుండా నిలువ ఉంటున్నదని భద్రతా పరిశోధకులు చూపించారు. విమర్శ వెల్లువెత్తగా విడుదలను ఆపి, మార్పులు చేసి, వాడేవాడు తానుగా ఒప్పుకుంటేనే పనిచేసేటట్లు 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. ప్రత్యేక చిప్పు ఉన్న కోపైలట్ ప్లస్ యంత్రాలలోనే అది ఉంటుంది. బొమ్మలు ఆ యంత్రంలోనే నిలుస్తాయని సంస్థ అంటున్నది. సంస్థల నిర్వహణలో ఉన్న యంత్రాలలో మొదటినుంచే అది తొలగించబడి ఉంటుంది. నిర్వాహకుడు అనుమతిస్తేనే వస్తుంది. కాబట్టి మీ కౌంటర్ మీది పాత డబ్బాలో రీకాల్ లేదు, భయపడనవసరం లేదు. కాని పాత డబ్బా పోయి కొత్తది వచ్చిన నాడు, ఆ మీట నిర్వాహకుని చేతిలో ఉంటుంది. అతడు దానిని తాకడని మనకు ఎవరూ వ్రాసి ఇవ్వలేదు. పొదుపు ఖాతా పుస్తకం, ఆధార్ సంఖ్య, చనిపోయిన ఖాతాదారుని వారసుల క్లెయిము కాగితాలు – ఒక పోస్టల్ అసిస్టెంటు తెర మీద ఒక్క పూటలో ఎందరి జీవితాలు తెరుచుకుంటాయో ఆలోచించండి.

మనకు అసలు ప్రమాదం ఎక్కడో అమెరికాలో ఉన్న సంస్థ కంటె మన పై గదిలో ఉన్నదని నా అభిప్రాయం. 2020లో ఇదే మైక్రోసాఫ్ట్ ప్రొడక్టివిటీ స్కోర్ అనే ఏర్పాటు తెచ్చింది. ఏ ఉద్యోగి ఎన్ని రోజులు మెయిలు వాడాడు, ఎన్ని రోజులు చాట్ చేశాడు అని పేరుతో సహా యజమానికి చూపింది. గగ్గోలు పుట్టగా కొద్ది వారాలలోనే పేర్లు తీసివేసింది. పేర్లు తీయగలిగినవారు పెట్టకుండా కూడా ఉండగలిగేవారు. అటువంటి పరికరం చేతికి వస్తే మన అధికారులలో కొందరు ఏమి చేస్తారో ఊహించటానికి జాతకం చూడనక్కరలేదు. ట్రాక్ మీద నడిచే కీమ్యాన్ మెడలో జి.పి.ఎస్. పరికరం వేసినప్పుడు, రక్షణ కోసమే అన్నారు. రైలు వస్తున్నప్పుడు మనిషి ఎక్కడున్నాడో తెలియటం మంచిదే. కాని ఎండలో చెట్టు కింద ఎన్ని నిమిషాలు కూర్చున్నాడో కూడా అదే పరికరం చెబుతుంది. నాకు తెలిసిన ఒక కౌంటర్ ఉద్యోగికి, పదకొండు నిమిషాలు యంత్రం మీద కదలిక లేదని సంజాయిషీ అడిగారు. ఆ పదకొండు నిమిషాలలో అతడు కౌంటర్ బయటికి వెళ్ళి, చూపు మందగించిన ఒక ముసలమ్మకు ఫారం నింపిపెట్టాడు. యంత్రానికి ముసలమ్మ కనిపించదు.

చట్టం మనను కాపాడదా అని అడుగుతారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. కాని అందులో 7వ సెక్షను చూడండి: ఉద్యోగ అవసరాల కొరకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకొనుట కొరకు, ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని వివరాలు వాడవచ్చును. అంటే ఒక వినియోగదారుగా మీకు ఉన్న 'వద్దు' అనే మాట, డ్యూటీలో ఉన్న ఉద్యోగిగా మీకు లేదు. చట్టం వదలిన ఆ ఖాళీని ఒప్పందంతో పూడ్చాలి. ఒప్పందం చేసుకోవటానికే యూనియన్లున్నవి.

అడిగితే ఫలితముంటుందా అంటే, మొన్నటి ఉదాహరణ ఉన్నది. విండోస్ 10 వాడే సామాన్యులకు మరొక ఏడాది, 2026 అక్టోబరు దాకా, భద్రతా సవరణలు ఇస్తామని సంస్థ అన్నది. దానికి 30 డాలర్లు కట్టాలి, లేదా తమ సెట్టింగులను సంస్థ క్లౌడ్‌లోకి పంపాలి, లేదా సంస్థ ఇచ్చే పాయింట్లు ఖర్చు పెట్టాలి. సొమ్ము లేనివాడు తన వివరాలు ఇచ్చి భద్రత కొనుక్కోవాలన్న మాట. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2025 సెప్టెంబరులో అక్కడివారికి ఆ షరతు తీసివేశారు, ఖాతా ఉంటే చాలునన్నారు. మనకు తీయలేదు. మన దేశంలో ఆ ప్రశ్న అంత గట్టిగా ఎవరూ అడగలేదు.

విండోస్ లేకుండా నడవదా అని కూడా కొందరు యువ కామ్రేడ్లు అడుగుతున్నారు. నడుస్తుంది. సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉన్నది. కేరళ పాఠశాలలు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నవి. 2023లో రక్షణ శాఖ ఉబుంటు ఆధారంగా మాయా అనే వ్యవస్థను తెచ్చుకున్నది. మన తపాలా శాఖలోనే, 2025 ఆగస్టులో వచ్చిన ఎ.పి.టి.ని బయటి కంపెనీ కాక, మైసూరులోని మన సెప్ట్ ఉద్యోగులు తయారుచేశారు. అది మొదలైన రోజులలో కౌంటర్ల ముందు మనం పడిన తిప్పలు వేరే సభలో మాట్లాడుకుందాం. మనవాళ్ళు చేయగలరన్నది మాత్రం రుజువైంది. అయితే లినక్స్ వచ్చినంత మాత్రాన పై గదిలోని కన్ను మూసుకోదు. ఎవరి యంత్రమైనా లాగ్ పుస్తకం వ్రాస్తుంది.

కాబట్టి రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశంలోను, తపాలాలో జె.సి.ఎం. కౌన్సిలులోను ఈ అంశాన్ని అజెండాలో చేర్చమని కోరుతున్నాం. కొత్త వ్యవస్థ స్థాపించేముందు, ఏ సమాచారం ఎక్కడికి పోతుందో, ఎంతకాలం ఉంటుందో వ్రాతపూర్వకంగా తెలపాలి. తయారీదారుకు పోయే సమాచారాన్ని ఆపగల ప్రతినే కొనాలి, కొన్న తరువాత ఆపాలి. తెర బొమ్మలు తీసే ఏర్పాటు ప్రజల వివరాలున్న ఏ యంత్రంలోను ఉండరాదు. సొంత ఫోను, సొంత ఈ-మెయిలు ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదు. వీటన్నిటికంటె నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటున్నది: యంత్రపు లాగ్ ఆధారంగా రైల్వే ఉద్యోగికి ఎస్.ఎఫ్.-11 ఇచ్చినా, తపాలా ఉద్యోగికి 16వ రూలు కింద మెమో ఇచ్చినా, ఆ లాగ్ పూర్తి ప్రతిని అతనికి ఇవ్వాలి. పదకొండు నిమిషాల ముక్క కాదు, ఆ దినమంతటి లాగ్. అప్పుడు అతడు మిగిలిన ఏడున్నర గంటలలో ఎంత పనిచేశాడో కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసినది. రేపు డ్యూటీకి వెళ్ళినప్పుడు, మీ యంత్రంలో సెట్టింగ్స్ తెరచి, ప్రైవసీ అన్న చోట డయాగ్నస్టిక్స్ అని ఉన్న పేజీ చూడండి. ఏదీ మార్చవద్దు, మార్చితే ఆ నేరం మీ మీదికి వస్తుంది. యంత్రంలో ఉన్నది విండోస్ ఎన్ని, ఏ ప్రతి, ఐచ్ఛిక సమాచారం పోతున్నదా లేదా, ప్రవేశించినది ఎవరి ఖాతాతో – ఈ నాలుగూ ఒక కాగితం మీద వ్రాసి మీ బ్రాంచి కార్యదర్శికి అందజేయండి. ఫోటో తీసి వాట్సాప్‌లో మాత్రం పంపవద్దు. మీ తెర మీద ఆ సమయానికి ఎవరి ఖాతా తెరచి ఉంటుందో చెప్పలేము. దూరపు కార్యాలయాలవారు ఆ కాగితాన్ని కవరులో పెట్టి అంటించి పంపండి.