ఆఫీస్ 2010: నేను ఎదురుచూసింది ఒక్క ఆప్షన్ కోసం

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010 తయారీ 2010 ఏప్రిల్ 15న పూర్తయింది. మే 12న కంపెనీల కోసం విడుదల చేసి, జూన్‌లో మనలాంటి వాళ్ళ కోసం షాపుల్లోకి తెచ్చారు. 2009 నవంబర్‌లో బీటా వచ్చినప్పటి నుంచీ నా సిస్టమ్‌లో అదే వాడాను కాబట్టి, విన్నది కాదు, చూసింది చెప్తాను.

2007లో పైన ఎడమ మూల ఒక గుండ్రటి బటన్ పెట్టారు గుర్తుందా? అది లోగో అనుకుని, ప్రింట్ ఎక్కడుందో వెతుక్కున్నవాళ్ళు ఎంతమందో! 2010లో దాన్ని తీసేసి మళ్ళీ "ఫైల్" అని రాశారు. రిబ్బన్‌ని కూడా మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఎక్సెల్‌లో ఒక్క సెల్‌లోనే ఇమిడిపోయే బుల్లి గ్రాఫ్‌లు వచ్చాయి, స్పార్క్‌లైన్స్ అంటారు. బాగున్నాయి. కానీ నాకు కావలసింది వేరే.

అంతకు మూడేళ్ళ ముందు నేను డీటీపీ జాబ్‌వర్క్ చేసేవాణ్ణి. ఎంసీఏ చదివే ఒకమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తున్నాను. పొద్దున పదింటికి సబ్మిషన్. రాత్రి పదకొండు దాటింది, నిద్రమత్తులో విండో మూసేశాను. "సేవ్ చేయమంటారా?" అని అడిగింది. చేయి అలవాటుగా "నో" మీదకి వెళ్ళిపోయింది. చివరి పదకొండు పేజీలు పోయాయి. అప్పటిదాకా ఒక్కసారైనా కంట్రోల్ ఎస్ కొట్టలేదు, తప్పు నాదే. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తన నోట్స్ తెచ్చుకుని పక్కన కూర్చుని చదివింది, నేను మళ్ళీ కొట్టాను. వాళ్ళ నాన్నగారు తెల్లారేదాకా బయట స్కూటర్ మీదే కూర్చున్నారు. ఆ రాత్రికి డబ్బులు తీసుకోలేకపోయాను.

అప్పుడు ఆటోరికవర్ లేదా అంటే, ఉంది. కానీ కరెంట్ పోయినా, వర్డ్ క్రాష్ అయినా మాత్రమే అది ఆదుకునేది. మనంతట మనం "నో" అంటే, నిజంగానే వద్దంటున్నాం అనుకుని ఆ తాత్కాలిక ఫైల్‌ని చెరిపేసేది. 2010లో అలా చెరపదు. స్క్రీన్ మీద చూడండి: నేనిప్పుడు కావాలనే "నో" కొట్టాను. ఫైల్‌లోకి వెళ్ళి, రీసెంట్ నొక్కితే, అడుగున "రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్" అని ఉంది. ఇదిగో, నా డాక్యుమెంట్! నాలుగు రోజుల పాటు ఉంచుతుంది.

ఒక్క మెలిక ఉంది. ఆటోసేవ్ మామూలుగా పది నిమిషాలకోసారి జరుగుతుంది. ఐదు నిమిషాలు టైప్ చేసి "నో" కొడితే దొరకడానికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే ఆప్షన్స్‌లో, సేవ్ దగ్గర ఆ పదిని రెండు చేసుకోండి. నేనైతే ఒకటి పెట్టాను, దెబ్బ తిన్నవాణ్ణి కదా!

అప్పట్లో ఎక్స్‌పీ వాడేవాళ్ళు భయపడక్కర్లేకపోయింది, సర్వీస్ ప్యాక్ 3 ఉంటే సరిపోయేది. 64 బిట్ ఆఫీస్ కూడా వచ్చింది గానీ, అప్పట్లో దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిదయింది. పాత యాడ్-ఇన్‌లు అందులో పనిచేసేవి కావు, మైక్రోసాఫ్ట్ కూడా అప్పట్లో ఎక్కువమందికి 32 బిట్టే మంచిదంది.

అప్పట్లో 2007 కొందామా, ఆగుదామా అని చాలామంది అడిగారు. 2010 మార్చి 5 నుంచి సెప్టెంబర్ 30 లోపు ఆఫీస్ 2007 కొని యాక్టివేట్ చేసుకున్నవాళ్ళకి ఆఫీస్ 2010 ఉచితంగా ఇచ్చారు. కాబట్టి అవసరం ఉన్నవాళ్ళు కొనుక్కుని, తేదీ ఉన్న బిల్లు జాగ్రత్త చేసుకుంటే సరిపోయేది. నాలా బీటా వాడినవాళ్ళకి 2010 అక్టోబర్ 31తో గడువు అయిపోయింది, ఆలోపు అసలుది తీసుకోవాల్సి వచ్చింది. ఉంటాను మరి.