విమానచోదకవిద్య: దాని వ్యయము, ధనసమీకరణమార్గములు
(మన సంఘ వార్షికమహాసభలో విద్యాభివృద్ధిగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. వైద్యము, యంత్రశాస్త్రము, న్యాయశాస్త్రము మున్నగు విద్యలను గూర్చి మనము ప్రతివర్షమును ఈ వేదికమీద చెప్పుకొనుచునే యున్నాము. ఇటీవల మన పిల్లలు కొందఱు ఆకాశమువంక చూచుచున్నారు. విమానచోదకులు కావలెనని వారి కోరిక. అట్టివారి తల్లిదండ్రులు మన కార్యాలయమునకు వచ్చి అడుగు ప్రశ్నలు రెండు. "ఎంత యగును?" అనునది మొదటిది. "సంఘ మేమిచ్చును?" అనునది రెండవది. ఈ రెండింటికిని యథాశక్తి సమాధానము చెప్పుటయే నా యుద్దేశము.

పుష్పకమును వర్ణించిన జాతికి విమానము క్రొత్త మాట కాదు. కాని విమానము నడపు అర్హతాపత్రము మన దేశమున మొట్టమొదట పొందినవాడు జె. ఆర్. డి. టాటా. అది 1929 ఫిబ్రవరి 10వ తేదీ. 1936లో సరళా ఠక్రాల్ అను నామె అట్టి అర్హతను పొందినది. మన హైదరాబాదునకును ఈ చరిత్రలో స్థానము కలదు. 1945లో నెలకొల్పబడి బేగంపేట కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థయే ప్రేమ్ మాథుర్ అను నామెకు ఉద్యోగమిచ్చినది. వాణిజ్యవిమానము నడపిన ప్రథమభారతస్త్రీ యామెయే. ఆ సంస్థ 1953లో జాతీయము గావింపబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. కావున ఈ విద్య మనకు దూరమని గాని, ఆడుపిల్లలకు తగదని గాని ఎవ్వరును తలపరాదు. నేడు మన దేశమున చోదకులలో స్త్రీల పాలు లోకపు సగటుకంటె ఎంతయో హెచ్చు.

ఇక ఈ విద్యయొక్క స్వరూపమును చెప్పెదను. ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రము, గణితము చదివినవారికి ఇందు ప్రవేశము. పదునారేండ్లు నిండినవారు విద్యార్థిచోదకులుగా చేరవచ్చును. వాణిజ్యచోదకుని లైసెన్సు, అనగా సీపీఎల్, పొందుటకు పదునెనిమిదేండ్లు నిండవలయును. దీనిని ఇచ్చు నధికారము ఢిల్లీలోని పౌరవిమానయాన శాఖ డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ, వారిది. అభ్యర్థి విమానయాననిబంధనలు, మార్గనిర్ణయము, వాతావరణశాస్త్రము, విమానయంత్రము అను విషయములలో వ్రాతపరీక్షలిచ్చి, నూటికి 70 మార్కులు తెచ్చుకొనవలెను. రేడియోలో సంభాషించుటకు వేఱొక పరీక్ష కలదు. 200 గంటలు విమానము నడపవలెను. అందు 100 గంటలు తానే ప్రధానచోదకుడై నడపవలెను. రాత్రియందు నడపుటయు, దూరప్రయాణము చేయుటయు, బయటి దృశ్యము కానరానపుడు పరికరములనే నమ్మి నడపుటయు ఇందులో చేరినవి.

వ్యయమంతయు ఈ 200 గంటలలోనే యున్నది. గంటకు 15 వేల రూపాయలనుకొన్నను 30 లక్షలగును. వసతి, భోజనము, పరీక్షలు, రెండింజనుల విమానముపై శిక్షణము, ఆలస్యములు కలుపుకొనగా మన దేశమున సాధారణముగా 40 నుండి 60 లక్షలవఱకు పోవుచున్నది. ఇంత యేల? నేర్పు విమానములును, వాని విడిభాగములును విదేశములనుండి రావలెను. వానికి కావలసిన ఎవ్‌గ్యాస్ అను ప్రత్యేకపు పెట్రోలు సైతము 2022 వఱకు దిగుమతియే. ఆ యేట వడోదరలోని ఇండియన్ ఆయిల్ శుద్ధికర్మాగారమున దాని తయారీ ఆరంభమైనది. డీజీసీఏ ఆమోదించిన శిక్షణకు జీఎస్టీ వర్తింపదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి స్పష్టము చేసినది. రుసుము కట్టువారు ఈ సంగతి నెఱిగియుండుట మంచిది.

సీపీఎల్ చేతికి వచ్చినంతనే పెద్ద విమానమెక్కుట పొసగదు. ఎయిర్‌బస్ 320 గాని, బోయింగ్ 737 గాని నడపవలెనన్న, ఆ యొక్క తరగతికి ప్రత్యేకశిక్షణ కావలెను. దీనిని టైప్ రేటింగ్ అందురు. దీనికి మఱికొన్ని లక్షలు కావలెను. విమానసంస్థలు స్వయముగా నడపు క్యాడెట్ పథకములలో ఆద్యంతము కలిపి కోటిరూపాయల మేరకును వ్యయమగుచుండును.

ఇంత ధనము సామాన్యగృహస్థునకు లేదు. ఎక్కడ నుండి తేవలెను? మార్గములు కొన్ని కలవు.

మొదటిది, వ్యయమే లేని మార్గము. అది వాయుసేన. ఇంటర్మీడియట్ కాగానే ఎన్.డి.ఏ. పరీక్షద్వారమునను, పట్టభద్రులైన పిమ్మట ఏఎఫ్‌క్యాట్ పరీక్షద్వారమునను ప్రవేశింపవచ్చును. శిక్షణవ్యయమంతయు ప్రభుత్వమే భరించును. శిక్షణ మన హైదరాబాదు చెంతనే, దుండిగల్ వాయుసేన అకాడమీలో జరుగును. 2022 నుండి ఎన్.డి.ఏ.లో బాలికలకును ప్రవేశము కలదు. పోటీ తీవ్రము, సేవానియమములు కఠినము. దేశసేవయందు మనసున్నవానికే ఇది తగును. ఖర్చు తప్పించుకొనుటకు మాత్రమే పోవువాడు అచట నిలువలేడు.

రెండవది, ప్రభుత్వసంస్థలు. ఉత్తరప్రదేశములో ఫుర్సత్‌గంజ్‌నందలి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కేంద్రప్రభుత్వము నెలకొల్పినది. అచట ప్రవేశపరీక్ష కలదు. మన బేగంపేటలో తెలంగాణ రాష్ట్ర విమానయాన అకాడమీ కలదు. ఎస్.సి. విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ వేతనపథకములో సీపీఎల్ శిక్షణయు చేరియున్నది. ఇరుగుపొరుగున అట్టి అర్హుడున్నచో, మన కులమువాడు కాకున్నను ఈ సంగతి వానికి తెలుపుట మన విధి.

మూడవది, బ్యాంకుఋణము. డీజీసీఏ ఆమోదించిన చోదకశిక్షణ బ్యాంకుల విద్యాఋణపథకములలో చేరియున్నది. సాధారణముగా 4 లక్షల వఱకు హామీ అక్కఱలేదు. ఏడున్నర లక్షలు దాటినచో స్థిరాస్తియో, డిపాజిట్టో తాకట్టు చూపవలెను. చదువుకాలమును, అటుపిమ్మట ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కఱలేదు. పాత పన్ను పద్ధతి ననుసరించువారికి ఋణముపై కట్టిన వడ్డీని ఎనిమిదేండ్లవఱకు ఆదాయమునుండి తగ్గించుకొను సౌకర్యము కూడ కలదు.

కాని, మహాశయులారా, వాయిదా లేనంతమాత్రమున వడ్డీ యాగదు. ఇచట కొంత లెక్క చెప్పవలసియున్నది. పాతికేండ్లకు పైగా బల్లమీద లెక్కలు వ్రాయించిన చేయి ఊరకుండదు. 50 లక్షల ఋణమును నూటికి 10 వంతున తీసికొనినట్లును, రెండేండ్ల చదువులో ఆఱుమాసముల కొకసారి నాలుగు సమభాగములుగా పుచ్చుకొనినట్లును తలపుడు. మొదటి భాగముపై రెండేండ్లు, రెండవదానిపై ఏడాదిన్నర, మూడవదానిపై ఒక యేడాది, నాలుగవదానిపై ఆఱుమాసములు సాధారణవడ్డీ పడును. వెరసి 6 లక్షల 25 వేలు. పిమ్మటి యేడాదికి 5 లక్షలు. మొత్తము 11 లక్షల 25 వేలు. దీనిని కట్టక అసలులో చేర్చినచో, పదేండ్లలో తీర్చుటకు నెలకు దాదాపు 81 వేలు కావలెను. వడ్డీని అప్పటికప్పుడు కట్టుచు వచ్చినచో నెలకు 66 వేలు చాలును. పదేండ్లపాటు నెలనెలకు 15 వేల భేదము! ఈ భేదమే మన సంఘము చేయదగిన సాయమునకు దారి చూపుచున్నది. దీనికి మరల వచ్చెదను.

నాలుగవమార్గ మొకటి కలదు. దానిని చెప్పుటకు నోరు రాదు గాని, చెప్పకుండుట ధర్మము కాదు. కొందఱు తల్లిదండ్రులు "ఇప్పుడు అప్పుచేసి చదివింతము, పెండ్లిలో రాబట్టుకొందము" అని తలంచుచున్నారు. కుమారుని రెక్కలకు కోడలి పుట్టింటివారు వెల కట్టవలెనట! కట్నము పుచ్చుకొనుట 1961 చట్టముచే నేరము. చట్టము లేకున్నను అది అధర్మమే. సంఘసహాయము పొందు ప్రతికుటుంబమును కట్నము పుచ్చుకొనమని వ్రాతమూలకముగా ప్రమాణము చేయవలెనని నేను ప్రతిపాదించుచున్నాను.

ఇక రెండవ ప్రశ్న. సంఘమేమిచ్చును? ఒక్క విద్యార్థికి 60 లక్షలు దానముగా నీయవలెనని కొందఱు ఉదారులు కోరుచున్నారు. "మనవాడు విమానము నడపెను" అను కీర్తి తీయనిదే. కాని ఆ 60 లక్షలతో, తలకు 20 వేల చొప్పున, 300 మంది బీదవిద్యార్థులకు ఒక సంవత్సరము పుస్తకములును, వసతియును ఏర్పఱుపవచ్చును. హాస్టలులో రుసుము కట్టలేక చదువు మానుకొను బాలిక యొక వైపు, ఆకాశమున కెగురు బాలుడొక వైపు నుండగా, నిధిని ఒక్కనికే ధారపోయుట న్యాయము కాదు. అట్లని "ఇది ధనవంతుల విద్య, మనకేల?" అని త్రోసివేయుటయు న్యాయము కాదు. అట్లు త్రోసివేసినచో అది ఎల్లకాలము ధనవంతుల విద్యగానే నిలిచిపోవును.

కావున మధ్యేమార్గమును సూచించుచున్నాను. సూచీకటాహన్యాయమని శాస్త్రకారులందురు. కమ్మరివాడు సూదిని మొదట చేసి, కాగును పిదప చేయును. చిన్నపని ముందు, పెద్దపని వెనుక. ఈ విద్యలో సూది వైద్యపరీక్ష. మొదట ద్వితీయశ్రేణి, పిమ్మట ప్రథమశ్రేణి వైద్యపరీక్ష నెగ్గనివానికి వాణిజ్యచోదకత్వము లేదు. కండ్లద్దములు పెట్టుకొన్నంతనే అనర్హత లేదు గాని, రంగులు గుర్తింపలేని దోషము పెద్ద యాటంకము. కొన్ని వేల రూపాయలతో తెలియదగిన ఈ సంగతిని, పొలమమ్మి లక్షలు కట్టిన పిమ్మట తెలిసికొన్న కుటుంబము నేనెఱుగుదును. కావున ఉత్సాహముగల ప్రతివిద్యార్థికిని ఈ పరీక్షావ్యయమును సంఘము దానముగా నీయవలెను. ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు వ్రాతపరీక్షలు. వీనిని విమానమెక్కకమునుపే వ్రాయవచ్చును. పుస్తకములకును, బోధనకును అగు వ్యయము శిక్షణవ్యయముతో పోల్చిన స్వల్పము. దీనిని వడ్డీలేని అప్పుగా నిత్తము. పరీక్షలన్నియు నెగ్గినవాడు పట్టుదల కలవాడని ఋజువైనట్లే.

మూడవ మెట్టు హామీ. బ్యాంకు అప్పిచ్చుటకు సిద్ధముగానే యుండును, తాకట్టులేక ఆగును. పోషకమహాశయులారా, మీ ధనమును మీరీయనక్కఱలేదు. ఐదుగురు చేరి తమ డిపాజిట్టులను పంచుకొని హామీగా నుంచినచో ఒక బీదవిద్యార్థికి ద్వారము తెఱచుకొనును. అప్పు తీఱనిచో ఆ డిపాజిట్టు పోవునని తెలిసియే హామీ యుంచవలెను. అందుచేతనే మొదటి రెండు మెట్లును దాటినవానికే ఈ మూడవది.

నాలుగవ మెట్టు వడ్డీ. చదువుకాలమునను, పిమ్మటి యేడాదియు పడు వడ్డీని సంఘనిధి అప్పుగా కట్టుచు రావలెను. ఉద్యోగము వచ్చినపిమ్మట వాడు దానిని నిధికి తిరిగి కట్టును. ఆ ధనము మఱియొకనికి పనికివచ్చును. నిధి తఱుగదు, తిరుగుచుండును. ఈ శాఖకు నిధి వార్షికాదాయములో అయిదవవంతు మించకుండుట మంచిది. తక్కినది ఇతరవిద్యార్థుల సొమ్ము.

తల్లిదండ్రులకు రెండు హెచ్చరికలు. శిక్షణాలయమునకు రుసుమంతయు ఒక్కసారి కట్టకుడు. ఎగిరిన గంటలననుసరించి వాయిదాలలో కట్టుదుమని ముందే వ్రాయించుకొనుడు. విమానములెన్ని, శిక్షకులెందఱు, గత సంవత్సరమున ఎందఱికి 200 గంటలు పూర్తియైనవి అని అడుగుడు. 2025 నుండి డీజీసీఏ వారు శిక్షణాలయములకు శ్రేణులు నిర్ణయించి ప్రకటించుచున్నారు, వానిని చూడుడు. ఇది మొదటి హెచ్చరిక.

రెండవది ఉద్యోగమును గూర్చినది. 2023లో ఎయిరిండియా 470 విమానములకును, ఇండిగో 500 విమానములకును ఉత్తరువులిచ్చినమాట నిజమే. కాని 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమానములు నిలిచిపోయినమాటయు నిజమే. లైసెన్సు వచ్చిననాడే జీతము రాదు. ఒకటి రెండేండ్లు వేచియుండవలసిరావచ్చును. చోదకుడు ప్రథమశ్రేణి వైద్యపరీక్షను కాలక్రమమున మరల మరల నెగ్గుచుండవలెను. ఆరోగ్యము చెడినచో లైసెన్సు పోవును, అప్పు మిగులును. కావున ఉన్న ఇల్లొక్కటియు తాకట్టు పెట్టకుడు. చెల్లెలి చదువునకై దాచినదానిని అన్న రెక్కలకు కట్టకుడు. లైసెన్సు పోయినచో పరిహారమిచ్చు భీమా కలదు, దానిని తప్పక తీసికొనుడు. డిగ్రీ చదువు నొకటి ప్రక్కన ఉంచుకొనుడు.

విద్యార్థులారా! రెక్కలు మీవే యైనను, వాని క్రింది గాలి పదిమంది ఊపిరి. సంఘమిచ్చిన అప్పు తీర్చుట కేవలము ఋణవిమోచనము కాదు. మీ వెనుక వచ్చువాని త్రోవ తెఱచియుంచుట. ఒక్కని అప్పు ఎగవేత పదిమంది ఆశ నాపివేయును.

మహాజనులారా! నేను చెప్పిన నాలుగు మెట్లను పరిశీలించుటకు ఉపసంఘము నొకదానిని ఈ సభయందే నియమింపవలెననియు, హామీయుంచుటకు సమ్మతించు పోషకుల పేరులను నేడే వ్రాసికొనవలెననియు కోరుచున్నాను. వచ్చు వార్షికసభనాటికి ఒక్క బాలికకైనను, ఒక్క బాలునికైనను మొదటి మెట్టు దాటించిన వార్తను ఈ సంచికలో అచ్చువేయగలిగిన, మన సంకల్పము ఫలించినట్లే.